చివరి అంకె కాపలా

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది గానీ, రెంజల్ వైపు చెరకు పండించిన పెద్దమనుషులకు కాంట సంగతి ఇంకా గుర్తే. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి బండిని తూచేవారు. మరి కాంట సరిగ్గా ఉందని తేలేదెలా? బరువు ముందే తెలిసిన ముద్ర రాయి పెట్టి చూడాలి. వెబ్‌సైట్‌లో డబ్బు తీసుకునే ఏర్పాటుకూ అలాంటి రాయి ఒకటుంది: 4111 1111 1111 1111. చూడ్డానికి కార్డు నంబరే, వెనక పైసా ఉండదు.

ఈ నంబరు వెనక ఒక యంత్రం కథ ఉంది. హాన్స్ పీటర్ లూన్ 1896లో జర్మనీలో పుట్టాడు. బట్టలో పోగులు లెక్కపెట్టే సాధనం కనిపెట్టాడు, తర్వాత ఐబీఎంలో చేరాడు. నంబర్లు రాసేటప్పుడు గుమాస్తాలు ఒక అంకె తప్పడం, పక్కపక్క అంకెలు తారుమారు చేయడం అప్పట్లో పెద్ద బెడద. 1954 జనవరిలో లూన్ దానికి మందు వేస్తూ పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అది చేతిలో పట్టే చిన్న చక్రాల యంత్రం. పేటెంటు 1960లో వచ్చింది. యంత్రం మరుగున పడింది, లెక్క మాత్రం మిగిలింది.

లెక్క ఇదీ. 257 అనే నంబరుకు చివర ఒక కాపలా అంకె కావాలి. కుడి నుంచి మొదలుపెట్టి అంకె విడిచి అంకెను రెట్టింపు చేయండి. 7 రెట్టింపు 14, రెండంకెలు వస్తే కలిపేయాలి కాబట్టి 5. తర్వాతి 5 అలాగే ఉంటుంది. 2 రెట్టింపు 4. మొత్తం 14. పక్క పదికి, అంటే 20కి, చేరాలంటే 6 కావాలి. కాబట్టి 2576. ఎవరైనా పొరపాటున 2756 అని కొడితే కాపలా అంకెతో కలిపి మొత్తం 18 వస్తుంది, నిండు పదులు కాదు, దొంగ దొరికిపోతాడు. మన 4111 కార్డుకు మొత్తం సరిగ్గా 30.

ఒక్క అంకె తప్పితే లూన్ లెక్క తప్పకుండా పడుతుంది. తారుమారులో మాత్రం 09ని 90గా రాస్తే దానికి తెలియదు. అందుకే కాబోలు, మన ఆధార్‌లో 12వ అంకెకు డచ్ గణితజ్ఞుడు వెర్‌హోఫ్ 1969లో ఇచ్చిన మరింత గట్టి పద్ధతి వాడారు.

రెంజల్ కుర్రాడొకడు సొంత చేలో పండిన పసుపు అమ్మడానికి వెబ్‌సైట్ పెట్టాడనుకుందాం. కొనేవాళ్ళు కార్డు నంబరు కొట్టగానే బ్యాంకు దాకా పోకుండానే లూన్ లెక్క చూసుకుంటుంది. అయితే అది కొట్టిన నంబరు పొందికగా ఉందా లేదా అనే చెబుతుంది. కార్డు ఉందో లేదో, ఖాతాలో డబ్బుందో లేదో దానికి పట్టదు. ఆ పని బ్యాంకుది, ఓటీపీది. 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు ఇలాంటి రెండో గుర్తింపును రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసింది.

అందుకే అసలు డబ్బు కదలకుండా సరిచూసే టెస్ట్ మోడ్‌లో కుర్రాడు ఒకసారి డబ్బు పడిందని చూసి చప్పట్లు కొట్టకూడదు. అసలు పరీక్ష ఓడిపోవడంలో ఉంది. ఓటీపీ తప్పు కొట్టాలి. బటన్ రెండుసార్లు నొక్కాలి. ముఖ్యంగా, డబ్బు కట్ అయిన క్షణంలో బ్రౌజర్ మూసేయాలి. అప్పుడు కొనేవాడి ఫోన్‌తో పని లేకుండా, చెల్లింపు గేట్‌వే నేరుగా సైట్‌కు పంపే కబురు చేరి ఆర్డరు నమోదు కావాలి. కాకపోతే కొనేవాడి డబ్బు పోయింది, పసుపు రాలేదు. కార్డు నుంచి డబ్బు కట్ అయి వ్యాపారికి ఖరారు కబురు చేరకపోతే లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు చెల్లించాలని 2019లో రిజర్వు బ్యాంకు ఆదేశం.

ఈ పరీక్షలన్నీ గెలిచాక, సైట్‌ను గేట్‌వేకు కలిపే టెస్ట్ కీ తీసి అసలు కీ పెట్టండి. తర్వాత మీ సొంత కార్డుతో చిన్న మొత్తం కట్టి, రీఫండ్ కూడా మీరే చేసి చూసుకోండి. అది మీ ఖాతాకు తిరిగి చేరాకే దుకాణం తెరవండి.