దారి మూస్తే... మంట ఆగుతుంది!

శంషాబాద్ విమానాశ్రయానికి ఎంతమంది వచ్చినా... చేతిలో బోర్డింగ్ పాస్ లేనిదే విమానం ఎక్కనివ్వరు. మన ఒంట్లోని తెల్ల రక్తకణాలదీ ఇంచుమించు ఇదే పద్ధతి!

రక్తంలో అవి నిత్యం గస్తీ తిరుగుతుంటాయి. ఎక్కడైనా సూక్ష్మజీవులు చొరబడితే, అక్కడి రక్తనాళం లోపలి గోడమీద కొన్ని ప్రొటీన్లు పుట్టుకొస్తాయి. ‘ఇక్కడ దిగండి’ అని చెప్పే బోర్డులన్నమాట. వాటిని తాకిన కణం వేగం తగ్గించి గోడ వెంట దొర్లుతుంది. ఒంటిమీదున్న ఇంటిగ్రిన్ అనే ప్రొటీన్‌తో గట్టిగా అతుక్కుంటుంది. ఆపైన గోడ సందులోంచి కణజాలంలోకి దూరిపోతుంది. వాపు, ఎరుపు, నొప్పి... అన్నీ ఆ పోరాటం గుర్తులే.

మరి శత్రువు లేకుండానే ఈ సేన దండెత్తితే? పెద్దపేగులో పుండ్లుపడే అల్సరేటివ్ కొలైటిస్, మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ అలాంటివే. స్టిరాయిడ్లు ఆ మంటను చల్లార్చినా ఒళ్లంతటికీ రక్షణ తగ్గిస్తాయి. కణాలను చంపకుండా వాటి దారి మాత్రమే మూస్తే?

1992లో ఎలుకలమీద ఈ ఉపాయం పారింది. ఇంటిగ్రిన్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే వాటికి పక్షవాతం రాలేదు. అలా పుట్టిన నటాలిజుమాబ్‌కి 2004 నవంబరులో మల్టిపుల్ స్క్లెరోసిస్ చికిత్సకు అమెరికా అనుమతి దొరికింది. మూడు నెలలకే అమ్మకాలు ఆగిపోయాయి! కాపలా కణాలు మెదడుకు చేరక, చాలామంది ఒంట్లో నిద్రాణంగా ఉండే జేసీ వైరస్ కొందరిలో విజృంభించింది. ప్రాణాలూ పోయాయి. గట్టి షరతులతో ఆ మందు 2006లో తిరిగొచ్చింది.

ఆ తర్వాత 2014లో వచ్చిన వెడోలిజుమాబ్ మాత్రం పేగుకు వెళ్లే కణాల ‘పాస్’నే అడ్డుకుంటుంది. మెదడు దారి తెరిచే ఉంటుంది. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, అందరికీ పనిచేయదు కూడా.

ఇలాంటి మందులను 2 నుంచి 8 డిగ్రీల చలువలోనే భద్రపరచాలి. అలా సున్నితమైన సరుకు కోసమే శంషాబాద్ కార్గో టెర్మినల్‌లో ప్రత్యేకంగా ఫార్మా జోన్ ఉంది.

ఒకప్పుడు పట్నం జబ్బనుకున్న ఈ పేగు వ్యాధులు గ్రామీణ తెలంగాణలోనూ కనిపిస్తున్నాయని హైదరాబాద్ ఏఐజీ వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. విరేచనంలో రక్తం వారాల తరబడి పడుతుంటే మొలలేనని సరిపెట్టుకోకుండా వైద్యుణ్ని కలవాలి. క్షయ లేదని తేల్చుకున్నాకే ఈ చికిత్స మొదలుపెట్టాలి. దారి మూసేముందు దొంగ లోపలే ఉన్నాడేమో చూసుకోవాలి కదా!