‘డాక్టర్ స్టోన్’ మన పిల్లలు చదవవచ్చా?

జపాను బొమ్మల కథలను మాంగా అంటారు. పదమూడు, పధ్నాలుగేళ్ల పిల్లలు చాలామంది వీటిని పుస్తకాలుగానో, ఫోనులో యానిమేగానో చూస్తున్నారు. వాటిలో ‘డాక్టర్ స్టోన్’ పేరు వినగానే విశ్వాసులైన తల్లిదండ్రులకు వచ్చే సందేహం ఒకటే: దేవుని ప్రస్తావన లేకుండా అన్నీ సైన్సే చేసే కథను పిల్లల చేతికి ఇవ్వవచ్చా? అవుననో కాదనో చెప్పేముందు కథ ఏమిటో చూద్దాం.

రచయిత రీచిరో ఇనగాకి, చిత్రకారుడు బోయిచి. 2017 నుండి 2022 వరకు ‘వీక్లీ షోనెన్ జంప్’ అనే జపాను వారపత్రికలో ఇది ధారావాహికగా వచ్చింది. ఒకరోజు ఆకుపచ్చని వెలుగు భూమిని చుట్టివేస్తుంది. మనుషులందరూ రాతి బొమ్మలైపోతారు. సుమారు 3,700 సంవత్సరాల తరువాత సెంకూ అనే విద్యార్థి ఆ రాతిని పగులగొట్టుకొని బయటికి వస్తాడు. ఊళ్లు లేవు, రోడ్లు లేవు, అంతా అడవి. తనకు తెలిసిన సైన్సుతో నాగరికతను మళ్లీ మొదటినుండి కట్టాలని పూనుకుంటాడు.

ఇందులో మెచ్చుకోదగినది చాలా ఉంది. గవ్వలను నూరి పొడి చేసి, దాని ఉపయోగాలు చెబుతూ సెంకూ సబ్బు దగ్గర ఆగుతాడు. వైద్యుడు లేని లోకంలో రోగాన్ని దూరంగా ఉంచే రాయి అదేనంటాడు. కథకు ఆ పేరు అక్కడ అర్థమవుతుంది. తరువాత న్యుమోనియాతో ఉన్న ఒక అమ్మాయి కోసం సల్ఫా మందు తయారుచేయడానికి ఇనుము, గాజు, ఆమ్లం ఒక్కొక్కటే సాధిస్తారు. సల్ఫా మందు కల్పన కాదు. జర్మనీ శాస్త్రవేత్త గెర్హార్డ్ డోమాక్ 1935లో దాని ఫలితాలు ప్రకటించాడు. చావుబతుకుల్లో ఉన్న తన సొంత కూతురికి కూడా ఇచ్చాడు. 1939 నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. మాత్ర వెనుక ఎందరి కష్టం ఉంటుందో పిల్లలకు ఇంత బాగా చూపించే పుస్తకాలు తక్కువ.

ఇక అసలు సంగతి. రాతి మనుషులను లేపే ద్రవాన్ని సెంకూ కనిపెడతాడు. దానితో లేచిన సుకాసా అనే బలశాలి, లోకాన్ని పాడుచేసింది స్వార్థపరులైన పెద్దలే కాబట్టి యౌవనస్థులను మాత్రమే లేపాలంటాడు. దారిలో కనబడిన పెద్దల రాతి బొమ్మలను పగులగొడతాడు. అవి బొమ్మలు కావు, బ్రతికించదగిన మనుషులు. సెంకూ మాత్రం ఒక్కరినీ విడిచిపెట్టకుండా అందరినీ లేపుతానంటాడు.

మత్తయి 13వ అధ్యాయములోని గోధుమలు, గురుగుల ఉపమానం తెలిసినవారికి ఈ గొడవ కొత్తది కాదు. గురుగులను ఇప్పుడే పెరికివేద్దామన్న దాసుల తొందరే సుకాసాది. అయితే అందరినీ ఎందుకు లేపాలో సైన్సు చెప్పదు. రాతిని కరిగించే విధానం రసాయన శాస్త్రం చెబుతుంది. ఎవరు బ్రతకడానికి తగినవారో చెప్పడం దాని పని కాదు. సెంకూ మంచి మనసుతోనే ఆ పక్షాన నిలబడ్డాడు గాని, ఆ మాటకు పునాది కథలో కనబడదు. మనకు ఆదికాండము 1వ అధ్యాయములో ఉంది: మనుష్యుడు దేవుని స్వరూపమందు చేయబడ్డాడు, ముసలివాడైనా, దుష్టుడైనా సరే. ఈ ఒక్క సంగతి పిల్లలతో మాట్లాడగలిగితే పుస్తకం వల్ల నష్టం కంటే మేలే ఎక్కువ.

అభ్యంతరాలూ ఉన్నాయి. స్త్రీల బొమ్మలు కొన్నిచోట్ల అనవసరంగా శరీరాన్ని చూపేలా గీశారు; నాకు ఇదే అన్నిటికంటే పెద్ద లోపం. కొట్లాటలు, ఆయుధాలు చాలా ఉన్నాయి. మందుగుండు, ఆమ్లాల తయారీ ఇంట్లో ప్రయత్నించేవి కావని గట్టిగా చెప్పాలి. రాతినుండి లేవడం పునరుత్థానం లాంటిదేనని ఏ పిల్లవాడైనా అంటే కోపపడకండి. ఆ లేచినవారు మళ్లీ చనిపోతారు కదా అని అడిగితే తేడా వాడికే తెలుస్తుంది.

ఇంగ్లిషు ప్రచురణకర్తలు దీనిని టీనేజీ పిల్లలకని సూచించారు. పన్నెండేళ్ల లోపువారికి వద్దనే నా అభిప్రాయం. పెద్ద పిల్లలకైతే మొదటి సంపుటం మీరు ముందు చదివి ఇవ్వండి, సుకాసా అందులోనే వస్తాడు. తరువాత అతడే ప్రాణాపాయంలో పడినప్పుడు కాపాడడానికి పూనుకొన్నది సెంకూయే. మీ అబ్బాయో అమ్మాయో అక్కడిదాకా చదివి ఉంటే, ఎందుకు కాపాడాడో భోజనాల దగ్గర అడిగి చూడండి.