గోమార్ల స్థావరం గోడ పగుళ్లే

పెంపుడు కుక్కకు మందు పట్టించినా కొద్ది రోజులకే గోమార్లు మళ్లీ కనిపిస్తున్నాయని యజమానులు వాపోవడం పరిపాటి. లోపం అన్నివేళలా మందుది కాదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందకు రాలి, గోడ పగుళ్లలో వేలాది గుడ్లు పెడుతుంది. ఒంటిపై కనిపించేవి కొన్నే. అందువల్ల కుక్క పడుకునే చోటు, అరుగుల సందులు ముందుగా శుభ్రపరచి, పగుళ్లను సిమెంటుతో పూడ్చాలి. పరిచే గుడ్డలను వేడినీటిలో ఉతకాలి. పశువైద్యులు చెప్పిన గడువుకు మందు మళ్లీ వాడాలి.

పట్టిన గోమారిని చర్మానికి దగ్గరగా పట్టకారుతో పట్టి నేరుగా లాగాలి. వేళ్లతో నలపడం, కిరోసిన్ పూయడం పాత అలవాటే గానీ ప్రమాదకరం. కుక్కల పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం. గోమార్ల ద్వారా సోకే ఎర్లీషియా వ్యాధిలో జ్వరం వస్తుంది, కుక్క తిండి మానేస్తుంది, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. తొలిదశలోనే పశువైద్యశాలకు తీసుకెళితే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది.