నీలిగీతను పక్కకు లాగితే

హైదరాబాద్ నుంచి విజయవాడకు దారి అడిగితే గూగుల్ మ్యాప్స్ మామూలుగా సూర్యాపేట, కోదాడల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి వెంట నీలిగీత గీస్తుంది. నాగార్జునసాగర్ చూసుకుంటూ వెళ్లాలనుకునేవారు కంప్యూటర్‌లో ఆ గీతను మౌస్‌తో పట్టుకుని సాగర్ మీదికి లాగి వదిలితే చాలు. కొత్త దారి, కొత్త దూరం, పట్టే సమయం అన్నీ కళ్లముందు మారిపోతాయి. 2007 జూన్‌లో వచ్చిన ఈ సదుపాయానికి మూలమైన లెక్క అప్పటికే యాభై ఏళ్ల నాటిది.

1956లో డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా తనకు కాబోయే భార్యతో ఆమ్‌స్టర్‌డామ్ బజారులో తిరిగి, అలసి ఒక కేఫ్‌లో కూర్చున్నాడు. అక్కడే, కాగితం కలం లేకుండా, ఇరవై నిమిషాల్లో రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి కనుక్కునే పద్ధతి ఆలోచించాడు. అర్మాక్ అనే కొత్త కంప్యూటర్ ఏం చేయగలదో మామూలు జనానికి చూపించడానికి ఆయనకొక లెక్క కావాల్సి వచ్చింది. అందుకోసం నెదర్లాండ్స్‌లోని 64 ఊళ్లతో పటం తయారుచేశాడు. ఊరి సంఖ్య ఆరు బిట్లలో ఇమడాలి, అందుకే 64. పద్ధతిని 1959లో ప్రచురించాడు.

మడిలోకి వదిలిన నీరు ముందు దగ్గరి నేలను తడిపి, తర్వాత దూరానికి పాకినట్టు, ఈ లెక్క బయలుదేరిన చోటి నుంచి దగ్గరి కూడళ్లను వరసగా తేలుస్తూ పోతుంది. గమ్యం తేలగానే ఆగుతుంది. తప్పు దారి చెప్పదు. చిక్కల్లా వేగంతోనే. పశ్చిమ యూరప్ రోడ్ల పటంలో సుమారు 1 కోటి 80 లక్షల కూడళ్లున్నాయి. దూరపు ఊరికి దారి అడిగితే వాటిలో చాలా భాగం తడమాల్సిందే.

1996లో వచ్చిన మ్యాప్‌క్వెస్ట్ అనే దారి చూపే వెబ్‌సైటు కాలంలో ఈ ఆలస్యం ఎవరినీ పెద్దగా బాధించలేదు. దారి వివరాలు ప్రింటు తీసుకుని కారెక్కేవారు. 2005లో గూగుల్ మ్యాప్స్ పటాన్ని చిన్న చిన్న చతురస్రాలుగా ముక్కలుచేసి, పేజీ మళ్లీ తెరుచుకోకుండానే కదిలేలా చేసింది. పటం కదిలాక, దానిమీది గీత మాత్రం కదలకూడదా అనిపించడం సహజమే.

గీతను లాగినప్పుడు జరిగేది సులువే. వదిలిన చోట యంత్రం ఒక మధ్యబిందువు పెట్టి, ప్రయాణాన్ని రెండు ముక్కలు చేస్తుంది: హైదరాబాద్ నుంచి సాగర్, సాగర్ నుంచి విజయవాడ. ఒక్కో ముక్కకు మళ్లీ మంచి దారి వెతుకుతుంది. మౌస్ కదులుతున్నంతసేపూ ఈ పని రెప్పపాటులో జరగాలి. దీనికి గొప్పగా పనికొచ్చే పద్ధతి ఒకటి 2008లో జర్మనీలోని కార్ల్స్‌రూ విశ్వవిద్యాలయ పరిశోధకుల నుంచి వచ్చింది. చిన్న కూడళ్లను ముందే పక్కన పెట్టి, వాటిని దాటేసే ఊహా షార్ట్‌కట్లను పటానికి కలుపుతారు. ఆ పెద్ద యూరప్ పటంలోనూ జవాబు ఒక మిల్లీసెకను లోపే దొరుకుతుంది. అయితే “టోల్ రోడ్లు వద్దు” అంటే ఆ షార్ట్‌కట్లు చెల్లవు, మళ్లీ కట్టాలి. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పటం అల్లికను ఒకసారి, ఖర్చుల (సమయం, టోల్ వంటివి) లెక్కను విడిగా సిద్ధంచేసే పద్ధతి తెచ్చి ఈ ముడి చాలావరకు విప్పారు.

ఏ రోడ్డు గుంతలమయమో, ఎక్కడ పిల్లలతో ఆగి భోంచేయవచ్చో యంత్రానికి అంతగా తెలియదు, ఆ దారిన తిరిగినవారికి తెలుసు. ఆ ఎరుకను లెక్కలోకి చొప్పించే వీలు ఇచ్చింది కాబట్టే ఈ మధ్యబిందువును నేను గొప్ప ఆవిష్కరణ అంటాను. వాడేటప్పుడు ఒక జాగ్రత్త: నాలుగు వరసల రోడ్డు మీద బిందువు అవతలి వైపు పడితే, గీత ముందుకు పోయి యూటర్న్ కొట్టి వెనక్కి వస్తుంది. పటాన్ని బాగా పెద్దది చేసి, మనం వెళ్లే వైపునే వదలాలి.

ఫోన్ యాప్‌లో ఇలా లాగే వీలు లేదు, దారిలో ‘స్టాప్’ చేర్చుకోవాలి. అలా చేరిస్తే ఆగే ఉద్దేశం లేకపోయినా, సాగర్ రాగానే అక్కడికి చేరారని ఫోన్ చెబుతుంది. బండి నడిపేవారి చేతిలో ఉండేది ఫోనే కనుక, బయలుదేరే ముందు గీతను లాగి దిద్దుకునే వీలు అక్కడా రావాలి.