సీమ చలిలో పరుగు

"జేజినాయనా, చలిలో పరిగెత్తితే ఊపిరితిత్తులకు చలి పడుతుందంట, నిజమేనా?" అని అడిగినావు కదబ్బీ. గ్రౌండులో ఎవరో చెప్పుంటారు. నువ్వేమో కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం చీకటితోనే లేచి పోతున్నావు. మీ జేజి మఫ్లర్ పట్టుకొని వాకిలి దాకా నీ వెనకాలే వస్తోంది. ఈ సంగతేదో తేల్చుకుందాం, కూర్చో. చెల్లెల్ని కూడా పిలువు, ఆమే కదా రేపు 1600 మీటర్లు పరిగెత్తాల్సిన ఇంకో మనిషి.

చలిగాలి ఊపిరితిత్తుల దాకా చలిగాలిగా పోనే పోదు నాయనా. ముక్కు లోపల సన్నని ఎముకల మడతలున్నాయి. వాటి మీద తడి పొర, దాని కింద నెత్తురు నాళాల వల. గాలి ఆ మడతల సందుల్లో దూరిపోయేటప్పుడే వేడెక్కి చెమ్మ పడుతుంది. గొంతు దాటి లోపలికి దిగేసరికి ఒంటి వేడిని అందుకుంటుంది. సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోయే మంచు దేశాల్లోనూ జనం పరిగెత్తుతున్నారు, వాళ్ల ఊపిరితిత్తులూ వెచ్చగానే ఉంటాయి. మన కర్నూలులో జనవరి తెల్లవారుజామున 17 డిగ్రీలు అటూ ఇటూ. కడపలో అంతకన్నా ఒకటి రెండు ఎక్కువే. దీనికి భయపడే పనే లేదు. పరిగెత్తేటప్పుడు ముక్కు కారితే రొంప పట్టిందనుకోవద్దు. పొడి గాలిని తడపడానికి ముక్కు ఎక్కువ నీరు ఊరిస్తుంది, పైగా బయటికి వదిలే ఊపిరిలోని ఆవిరి చల్లబడిన ముక్కు గోడల మీద మళ్లీ నీరవుతుంది. తుడుచుకొని పరిగెత్తండి.

నా దిగులంతా చలి గురించి కాదు, గాలి పొడిగా ఉండటం గురించి. 15 డిగ్రీల గాలి ఎంత చెమ్మ పట్టినా ఘనపు మీటరుకు 13 గ్రాముల నీటి ఆవిరిని మించి పట్టుకోలేదు. అదే గాలి ఒంటి వేడికి వచ్చేసరికి 44 గ్రాములు పట్టుకుంటుంది. ఆ తేడా, 30 గ్రాముల పైచిలుకు నీళ్లు, మన శ్వాసనాళాలే ఇచ్చుకోవాల. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాం కాబట్టి ఆ బరువు తెలియదు. గట్టిగా పరిగెత్తితే నిమిషానికి 80 నుంచి 100 లీటర్లు కావాల. అంత గాలికి ముక్కు చాలదు, నోరు తెరుస్తావు. ముక్కు చేసే పనంతా గొంతు మీదా దాని కింది నాళాల మీదా పడుతుంది. వాటి గోడల తడి ఆరి, మిగిలిన తడిలో ఉప్పు చిక్కబడుతుంది. కొందరి నాళాలు దానికి ఓర్చుకోలేక బిగుసుకుంటాయి. పరుగు ఆపిన ఐదు పది నిమిషాలకు పొడి దగ్గు, ఎదలో పట్టేసినట్టుండటం, పిల్లికూతలు మొదలయ్యేది ఇందుకే. స్వీడన్‌లో, నార్వేలో మంచు మీద ఏళ్ల తరబడి స్కీయింగ్ చేసే క్రీడాకారుల్లో ఉబ్బసం ఎక్కువని డాక్టర్లు చూసినారు. మీలో ఎవరికైనా పిల్లికూతలు వస్తే దాచిపెట్టొద్దు, డాక్టరుకు చూపించుకోవాల. ముందుగా పీల్చుకునే మందులున్నాయి. మామూలు దగ్గయితే మీ జేజి మఫ్లరే చాలు. కాకపోతే చెవులతోపాటు నోటికీ చుట్టుకో. వదిలిన ఊపిరి తేమ గుడ్డలో నిలిచి, తర్వాతి ఊపిరితో లోపలికే వస్తుంది.

పగలు 30 డిగ్రీలుండే మన ఊళ్లలో రాత్రికి ఇంత చలి ఎట్ల వస్తుందని కూడా అడగాల నువ్వు. పగలు నేలా బండలూ తాగిన వేడి రాత్రికి కంటికి కనపడని కిరణాలుగా ఆకాశంలోకి పోతుంది. గాలిలో నీటి ఆవిరి ఉంటే అందులో చాలా భాగాన్ని పట్టుకొని తిరిగి కిందికి పంపిస్తుంది. మచిలీపట్నంలో సముద్రం పక్కనే ఉంది, ఆవిరికి కొదవ లేదు, రాత్రి అంతగా చల్లబడదు. మనకు నవంబరు వానలు ఆగిపోయాక మబ్బూ లేదు, చెమ్మా తక్కువ. వేడి నేరుగా వెళ్లిపోతుంది. సూర్యుడు పొడిచినాక కూడా కాసేపు, వచ్చే వేడి పోయే వేడిని మించేదాకా, నేల చల్లబడుతూనే ఉంటుంది. అందుకే అన్నిటికన్నా గట్టి చలి అర్ధరాత్రి కాదు, పొద్దు పొడిచే వేళకు. ఆ వేళకు నేలను అంటుకున్న గాలి చల్లగా, దాని పైగాలి వెచ్చగా ఉంటుంది. చల్లని బరువైన గాలి లేవదు, అందులోని పొగా లేవదు. కడపకు మూడు పక్కలా నల్లమల, పాలకొండలు. కొండల మీది చల్లగాలి కూడా జారి లోయలోనే చేరుతుంది. చెత్త తగలబెట్టే చోటు పక్కన ఆ వేళలో పరిగెత్తొద్దని చెప్పేది ఇందుకే.

ఇంక మంచి సంగతి. పరుగుకు ఈ చలి మేలు చేస్తుంది. లెక్క చూడు. కిలోమీటరు పరిగెత్తడానికి ఒంటి బరువులో కిలోకు ఒక కిలోకేలరీ పడుతుంది. నువ్వు 60 కిలోలు. 1600 మీటర్లకు 95 దాకా. అందులో ముప్పాతిక వంతు, అంటే 70, ఒట్టి వేడి. నీ ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 50 చాలు. ఆ వేడంతా లోపలే ఉండిపోతే నీకిచ్చే ఎనిమిది నిమిషాల్లో ఒళ్లు దాదాపు డిగ్రీన్నర పెరిగిపోతుంది. మే నెలలో ఆ వేడిని బయటికి తోయడానికి గుండె కాళ్లకూ చర్మానికీ రెండింటికీ నెత్తురు పంచాల. చలిలో చర్మం కింది నాళాలు ముడుచుకుంటాయి, నెత్తురు కాళ్లకే ఎక్కువ దక్కుతుంది. 1997లో స్కాట్లాండులోని అబర్డీన్‌లో గాలోవే, మాన్ అనే ఇద్దరు పరిశోధకులు సైకిలు తొక్కించి చూసినారు. మనుషులు అలసిపోయేదాకా 11 డిగ్రీల గదిలో సగటున 94 నిమిషాలు తొక్కితే, 31 డిగ్రీల గదిలో 52 నిమిషాలే తొక్కగలిగినారు. 4 డిగ్రీల్లోనూ 21 డిగ్రీల్లోనూ 81. మన తెల్లవారుజాము ఆ మేలైన చోటికి ఎంత దగ్గరో చూడండి! కెన్యా వీరుడు కిప్‌చోగే 2019 అక్టోబరు 12న వియన్నాలో మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తినప్పుడు చల్లని ఉదయం కోసం ముందే కొన్ని రోజుల వ్యవధి పెట్టుకొని కాచుకున్నారు. మీకు అది ఉత్తపుణ్యానికే దొరుకుతోంది. మొన్నటి కానిస్టేబుల్ ఈవెంట్స్ కూడా 2024 డిసెంబరు చివర్లో మొదలై 2025 ఫిబ్రవరి మొదలయ్యేదాకా జరిగినాయి, అంటే ఇదే చలిలో.

అయితే లేచిన వెంటనే గడియారం చూసుకొని దౌడు తీయొద్దు. చలికి కాళ్ల కండ చల్లబడి ఉంటుంది. చల్లని కండ మెల్లగా ముడుచుకుంటుంది, మెల్లగా వదులుతుంది. కండ ఒక డిగ్రీ వేడెక్కితే దాని సత్తువ నూటికి రెండు నుంచి ఐదు పాళ్లు పెరుగుతుంది. ఎనిమిది నిమిషాల్లో నూటికి రెండు పాళ్లంటే దగ్గర దగ్గర పది సెకన్లు. ఆ పది సెకన్లతో పరీక్ష తప్పిన పిల్లలను చూసినాను, నాకు కడుపు తరుక్కుపోయింది. పది పదిహేను నిమిషాలు నడక, మెల్లని పరుగు, మధ్యలో రెండు మూడు చిన్న దౌడులు, అప్పుడు అసలు పరుగు. పిల్లికూతలొచ్చే వాళ్లకు కూడా ఇట్లా ముందు ఒళ్లు వేడి చేసుకుంటే నాళాల బిగువు తగ్గుతుంది.

ఆపినాక ఇంకో జాగ్రత్త. వేసవిలో మట్టికుండలో నీళ్లు ఎట్ల చల్లబడతాయో ఒళ్లూ అట్లే. పొడి గాలికి చెమట గబగబా ఆవిరై వేడి లాక్కుపోతుంది. పరుగులో పుట్టే వేడి ఆగిపోయింది, తడి చొక్కా ఆగలేదు. గ్రౌండు గట్టు మీద తడి చొక్కాతో కబుర్లాడకుండా పొడి చొక్కా మార్చుకోండి. చెమట కనపడలేదు కదా అని నీళ్లు మానొద్దు. చలిలో దాహం మొద్దుబారుతుంది, పైగా మూత్రం ఎక్కువ పోతుంది. లేవగానే ఒక చెంబు నీళ్లు తాగండి. చీకట్లో హైవే మీదికి పోవద్దు, గ్రౌండులోనే పరిగెత్తండి. నాలాంటి బీపీ వాళ్లకు చలికి నాళాలు ముడుచుకొని గుండెకు బరువు పెరుగుతుంది, కాబట్టి నేను ఎనిమిదింటికి ఎండ తగిలినాకే వస్తాను. 1600 మీటర్లు చెల్లెలు 10 నిమిషాల 30 సెకన్ల లోపు పరిగెత్తాల, నువ్వు 8 నిమిషాల లోపు. నేను వచ్చినాక ఇద్దరూ ఒక రౌండు పరిగెత్తి చూపించండి, గడియారం నేను పట్టుకుంటాను.