హక్కు పత్రం లేని నేల: అమెరికా, మలేషియా నవలల్లో వలస కథ

షర్లీ జోక్-లిన్ లిమ్ ఆత్మకథ 1996లో రెండు దేశాల్లో రెండు ఉపశీర్షికలతో వెలువడింది. సింగపూర్ ప్రతి అట్ట మీద అది ‘ఒక న్యోన్యా స్త్రీవాది జ్ఞాపకాలు’. న్యూయార్క్‌లోని ఫెమినిస్ట్ ప్రెస్ ప్రతి మీద అదే పుస్తకం ‘మాతృభూముల గురించిన ఒక ఆసియన్ అమెరికన్ జ్ఞాపకం’. తరాల క్రితమే మలక్కా, పినాంగ్ తీరాల్లో స్థిరపడి మలయ్ భాషనూ వంటనూ కట్టునూ తమవి చేసుకున్న చైనీయ వంశాల స్త్రీలను న్యోన్యాలంటారు. అట్టలు వేరైనా లోపలి జీవితం ఒక్కటే. 1944లో మలక్కాలో పుట్టి, హాలీవుడ్ బాలనటి షర్లీ టెంపుల్ పేరును తండ్రి పెట్టగా మోసి, 1969లో అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అక్కడే ఆచార్యురాలిగా స్థిరపడిన కవయిత్రి కథ అది. ఆ కథను ఏ అరలో పెట్టాలన్న ప్రశ్నకు రెండు పుస్తక విపణులు రెండు జవాబులు చెప్పాయి. అమెరికన్ అర ఆమెను వెంటనే చేర్చుకుంది; 1997లో ఆ పుస్తకానికి అమెరికన్ బుక్ అవార్డు లభించింది. పుట్టిన దేశంలో ఆమె స్థానం అంత తేలికగా తేలేది కాదు.

అమెరికన్ సాహిత్యంలో తరచుగా తిరిగి వచ్చే ఇతివృత్తాలలో వలస ఒకటి అనడం అందరికీ తెలిసిన మాట. విల్లా కాథర్ నుంచి మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ వరకూ, అక్కడి నుంచి 2000లో పులిట్జర్ అందుకున్న ఝుంపా లాహిరి వరకూ ఆ గొలుసు తెగలేదు. ఆ చేర్పు ప్రతిసారీ సులభంగా జరగలేదన్నది మాత్రం నిజం. న్యూయార్క్ యూదు మురికివాడలోని పసివాడి భయాలను చిత్రించిన హెన్రీ రాత్ నవల ‘కాల్ ఇట్ స్లీప్’ 1934లో వచ్చి మరుగున పడింది. 1964లో చౌక ప్రతిగా తిరిగి అచ్చయ్యాకే దానికి విస్తృతంగా పాఠకులు దొరికారు. ఆలస్యమైనా, దొరికినప్పుడు దాన్ని అమెరికన్ నవలగానే చదివారు. వలస వచ్చినవాడు ఆంగ్లంలో రాస్తే అది ఆ దేశపు సాహిత్యమే అవుతుందన్న నియమాన్ని అక్కడ ఎవరూ ప్రత్యేకంగా ప్రకటించవలసిన అవసరం రాలేదు.

మలేషియాలో నియమం వేరు. 1957లో మలయా స్వతంత్రమైంది. 1967 నాటి జాతీయ భాషా చట్టం మలయ్ భాషను ఏకైక అధికార భాషగా స్థిరపరచింది. 1969 మే 13న కౌలాలంపూర్‌లో చెలరేగిన జాతి ఘర్షణల తరువాత, 1971లో జరిగిన జాతీయ సంస్కృతి మహాసభ దేశ సంస్కృతికి మలయ్ సంస్కృతే ఆధారమని తీర్మానించింది. ఆ వాతావరణంలోనే సాహిత్యానికీ ఒక నిర్వచనం ఖాయమైంది. జాతీయ సాహిత్యం అంటే మలయ్ భాషలో వచ్చినదే. తమిళంలో, చైనీస్‌లో, ఆంగ్లంలో వచ్చినది ‘వర్గ సాహిత్యం’. 1981లో మొదలైన జాతీయ సాహితీవేత్త పురస్కారం ఈ నిర్వచనాన్ని అనుసరించే నడిచింది.

ఈ నిర్ణయాన్ని కేవలం అన్యాయమని కొట్టిపారేయడం తేలికే గాని, అది పూర్తి చిత్రం కాదు. వలస పాలకుల భాషను పక్కనపెట్టి సొంత భాషను నిలబెట్టుకోవాలన్న కోరిక తెలుగువారికి అర్థం కానిది కాదు. ఆంగ్లంలో కవిత్వం మొదలుపెట్టిన ముహమ్మద్ హాజీ సాలే మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసినవాడు. ఆంగ్లంలోనే కొనసాగే సామర్థ్యం ఉండీ ఆయన మలయ్‌కు మళ్ళాడు. 1991లో జాతీయ సాహితీవేత్త అయ్యాడు. మలక్కాలో పుట్టిన ఈ తియాంగ్ హాంగ్ అనే చైనీయ వంశపు కవి ఆంగ్లాన్ని వదలలేదు. 1975లో ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయాడు. లిమ్ అంతకు ముందే అమెరికా చేరింది. వెళ్ళకుండా ఉండిపోయి, ఆంగ్లంలోనే రాసినవారిలో ముఖ్యుడు కె. ఎస్. మణియం.

మణియం 1942లో ఉత్తర మలేషియాలోని కెడా రాష్ట్రంలో, బెడోంగ్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి ఆసుపత్రిలో బట్టలుతికే పని చేసేవాడు. చుట్టూ రబ్బరు తోటలు, వాటిలో తమిళ, తెలుగు కూలీల లైన్లు. అబ్బాయి ఆంగ్ల పాఠశాలలో చదివి, ఇంగ్లండ్‌లో మలయా ఉపాధ్యాయుల కోసం నడిపిన బ్రిన్స్‌ఫర్డ్ లాడ్జ్ కళాశాలలో శిక్షణ పొంది తిరిగి వచ్చాడు. హాజీ సాలే కూడా అదే కళాశాల విద్యార్థి. ఒకే చోట ఆంగ్ల బోధన నేర్చుకున్న ఇద్దరిలో ఒకరు దేశపు సాహితీవేత్త, మరొకరు ‘వర్గ’ రచయిత. మణియం తరువాత మలయా విశ్వవిద్యాలయంలో ఆంగ్లం బోధించాడు, 2020లో మరణించాడు.

1981లో వచ్చిన ఆయన తొలి నవల ‘ది రిటర్న్’ చాలావరకు ఆత్మకథాత్మకం. కథకుడు రవి. అతని నాయనమ్మ పెరియత్తాయి పిల్లలతో ఓడ దిగి, ఊరూరా తిరిగి సరుకులమ్మి, ఒక ఇల్లు నిలబెట్టి, స్వదేశం నుంచి తెచ్చిన నటరాజ విగ్రహం ముందు దీపం వెలిగిస్తుంది. ఆ ఇల్లు నిలిచిన నేలకు హక్కు పత్రం మాత్రం ఆమెకు దక్కదు. రవి తండ్రిని నవలలో అందరూ ‘నైనా’ అంటారు. తెలుగు పాఠకుడి చెవికి ఆ పిలుపు చిరపరిచితమే. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ అది వినిపిస్తుంది. అంతమాత్రాన రచయిత మూలాలను నిర్ణయించబోవడం తొందరపాటు అవుతుంది. రవి ఆంగ్ల చదువుతో ఇంటికి దూరమవుతుండగా, నైనా తల్లి దగ్గర వదిలిపోయిన కోరికను భుజాన వేసుకుంటాడు. తనదని చెప్పుకోగల నేల మీద తనదని చెప్పుకోగల ఇల్లు కట్టాలన్న ఆ పట్టు క్రమంగా ఉన్మాదంగా మారుతుంది. చివరికి ఆ ఇంటితో పాటే అతను మంటల్లో ముగుస్తాడు.

దీని పక్కన విల్లా కాథర్ 1918 నాటి నవల ‘మై ఆంటోనియా’ను పెట్టి చదివితే రెండూ ఒకే కథను వ్యతిరేక దిశల్లో చెబుతున్నట్టు తోస్తుంది. బొహీమియా నుంచి నెబ్రాస్కా వచ్చిన షిమెర్డా కుటుంబం తమ దేశస్థుడి దగ్గరే ఎక్కువ ధర పెట్టి భూమి కొంటుంది. మొదటి చలికాలంలోనే తండ్రి, స్వదేశపు బెంగ భరించలేక, తుపాకీతో కాల్చుకుని చనిపోతాడు. అతన్ని తమ పొలం మూలనే పూడుస్తారు. తరువాత రోడ్లు వేసినప్పుడు కూడా ఆ సమాధిని తొలగించరు. దారే కాస్త వంగి పక్కనుంచి పోతుంది. కూతురు ఆంటోనియా చివరికి పండ్ల తోట, నిండు సంసారం ఉన్న రైతు ఇల్లాలిగా కనిపిస్తుంది. రెండు నవలల్లోనూ వలస వచ్చిన కుటుంబంలో తండ్రి చేజేతులా ప్రాణం తీసుకుంటాడు. ఒక చోట అతని సమాధికి రోడ్డు దారి ఇస్తుంది, మరొక చోట అతని ఇల్లే బూడిద అవుతుంది.

ఈ తేడాకు కారణం రచయితల స్వభావంలో వెదకడం కన్నా భూమి చట్టాల్లో వెదకడం మేలు. 1862 నాటి అమెరికన్ హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం అయిదేళ్ళు నివసించి సాగుచేసినవారికి 160 ఎకరాల దాకా ప్రభుత్వ భూమి దక్కేది. పౌరసత్వం ఇంకా రాకపోయినా, తీసుకుంటానని ప్రకటించిన వలసదారుకు కూడా ఆ హక్కు ఉండేది. మలయాలో కూలీ వచ్చింది కంపెనీ తోటలోకి. గది కంపెనీది, బడి కంపెనీది, గుడి నిలిచిన నేల కూడా కంపెనీదే. పని పోతే ఇల్లు పోయినట్టే. తోటల బయట 1913 నాటి మలయ్ రిజర్వేషన్ల చట్టం కొన్ని ప్రాంతాల భూమిని మలయ్‌లకే పరిమితం చేసింది. నెబ్రాస్కాలో షిమెర్డాలకు దొరికిన నేల ఎవరి చేతుల్లోంచి లాక్కున్నదో కాథర్ నవల పెద్దగా పట్టించుకోదు. అమెరికాలో మూలవాసులు ఓడిపోయారు కాబట్టి వలసదారుకు భూమి దొరికింది. మలేషియాలో మూలవాసులు రాజ్యాన్ని నిలబెట్టుకున్నారు. మణియం విషాదం వెనుక ఉన్న చరిత్ర ఇది, దాన్ని ఏ ఒక్కరి క్రౌర్యంగానూ కుదించలేం.

రాజ్యం ఉన్నంత మాత్రాన మలయ్ రైతు సుఖంగా లేడన్నదానికి సాక్ష్యం కూడా అదే కెడా రాష్ట్రం నుంచి వచ్చింది. షాహ్నోన్ అహ్మద్ 1966 నాటి మలయ్ నవల ‘రంజావ్ సెపంజంగ్ జాలన్’లో వరి రైతు లహుమా కాలికి ముల్లు దిగుతుంది. అది కుళ్ళి అతను చనిపోతాడు. ఏడుగురు కూతుళ్ళతో పొలం లాగలేక భార్య జెహాకు మతి చలిస్తుంది. లహుమాకు నేల ఉంది, నేల నుంచి తిండి లేదు. నైనాకు జీతం ఉంది, నేల లేదు. ఒకే రాష్ట్రంలో పుట్టిన ఇద్దరు రచయితలు నేల కోసం మతి పోగొట్టుకున్న మనుషుల గురించే రాశారు. షాహ్నోన్ 1982లో జాతీయ సాహితీవేత్త అయ్యాడు. మణియానికి ఆ అర్హతే లేదు, ఎందుకంటే రాసిన భాష వేరు. ఈ రెండు నవలలను జంటగా చదవకపోవడం వల్ల నష్టపోయింది మలేషియా విమర్శే అనిపిస్తుంది.

మణియం తరువాతి రచనల్లో ఈ సమస్య ప్రతీకగా మారింది. 1996 సంపుటికి శీర్షిక ఇచ్చిన ‘హాంటింగ్ ది టైగర్’ కథలో మరణశయ్య మీద ఉన్న ముత్తు తన యౌవనాన్ని తలచుకుంటాడు. పులిని పట్టుకుంటే ఈ నేల తనదవుతుందని అతని నమ్మకం. అడవి తెలిసిన మలయ్ మిత్రుడు జుల్కిఫ్లీ వెంట తిరిగినా పులి చిక్కదు. అతనిలో ఇంకా ఏదో పరాయి వాసన ఉందంటాడు మిత్రుడు. దీని మీద తరువాత రాసిన వ్యాసంలో మణియం రెండు దారులు చెప్పాడు. పులి దారి ఒకే నేలకు, ఒకే సంస్కృతికి కట్టుబడటం. ఊసరవెల్లి దారి చుట్టూ ఉన్న రంగులను పుణికిపుచ్చుకోవడం. తెలుగులో ఊసరవెల్లి అంటే నమ్మదగనివాడు. మణియం దగ్గర ఆ మాట నిందగా రాదు, బతకడానికి కావలసిన నేర్పుగా వస్తుంది. 2000లో ఆయనకు తొలి రాజా రావు పురస్కారం లభించింది. ఆంగ్లంలో రాసి, ఫ్రాన్సులోనూ టెక్సస్‌లోనూ బతికిన కన్నడ దేశపు రచయిత పేరిట ఇచ్చే గౌరవం అది. స్వదేశపు పెద్ద పురస్కారం అందని చోట ప్రవాసుల పురస్కారం అందింది.

తరువాతి తరం రచయితలకు ప్రచురణ కేంద్రాలు బయటే దొరికాయి. ఇపోలో పెరిగి చదువుకు అమెరికా వెళ్ళిన ప్రీతా సమరసన్ నవల ‘ఈవెనింగ్ ఈజ్ ది హోల్ డే’ 2008లో అమెరికాలో అచ్చయింది. అందులో నేల సమస్య వెనక్కి వెళ్ళి ఇంటి లోపలి సమస్య ముందుకు వచ్చింది. సంపన్న తమిళ న్యాయవాది ఇంట్లో ముసలామె చనిపోతే, నింద పనిపిల్ల చెల్లం మీద పడుతుంది. ఆమె తోటల పేదరికం నుంచి వచ్చిన పిల్ల. మణియం నవలలో అధికారం కార్యాలయం బల్లకు అవతల ఉంటుంది. ఇక్కడ అది అదే జాతి వారి వంటింట్లో ఉంది. అమెరికన్ దక్షిణాది నవలలు తెల్లవారి తోటనూ ఇంటినీ ఒకే కథగా చెప్పిన తీరు తెలిసినవారికి ఈ కదలిక కొత్తగా ఉండదు.

లిమ్ ‘జాస్ అండ్ గోల్డ్’ (2001) అమెరికన్‌నే మలేషియాకు రప్పించింది. కౌలాలంపూర్‌లో ఆంగ్ల సాహిత్యం బోధించే లీ ఆన్ జీవితంలోకి చెస్టర్ అనే పీస్ కోర్ యువకుడు వస్తాడు. 1969 మే అల్లర్ల నేపథ్యంలో వారి దారులు కలిసి విడిపోతాయి. అతను న్యూయార్క్‌కు తిరిగి వెళ్ళగలడు. ఆమె బిడ్డతో సింగపూర్‌కు చేరుతుంది. వలస అనే మాటకు ఇద్దరికీ ఒకే అర్థం లేదని నవల పెద్ద మాటలు లేకుండానే చూపుతుంది.

ఈ పుస్తకాలన్నిటిలోనూ తెలుగు కుటుంబం ముందు వరుసలో కనిపించదు. దిగువ పేరాక్‌లోని బగాన్ దతో కొబ్బరి తోటలకూ ఇతర రబ్బరు తోటలకూ ఉత్తర సర్కారు జిల్లాల నుంచి వెళ్ళినవారి వారసులు నేటికీ అక్కడ ఉన్నారు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపేవరకు ఆ రాక సాగింది. 1950ల నుంచి వారికి ఒక సంఘం ఉంది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. మణియం తొలి నవల వెలువడిన సంవత్సరమూ అదే. ఐదు వందలకు పైగా తమిళ పాఠశాలలున్న దేశంలో తెలుగు మాధ్యమ పాఠశాల లేదు. చాలా కుటుంబాల్లో పిల్లలు తమిళ బడికో మలయ్ బడికో వెళ్ళారు. బయటి ప్రపంచానికి వారంతా భారతీయులు, లేదా తమిళులు. దక్షిణ భారతీయులను మలయ్‌లు పూర్వం ‘కెలింగ్’ అనేవారు. కళింగ నుంచి పుట్టిందని పండితులు చెప్పే ఆ మాట ఇప్పుడు తిట్టుగా మారింది. లిమ్ పుట్టిన మలక్కాలో కంపుంగ్ క్లింగ్ మసీదు పేరులో అది ఇంకా నిలిచి ఉంది.

బగాన్ దతో నుంచి ఒక మనవరాలు రేపు ఆ తోట కథ రాయదలిస్తే ఆమె ముందు నాలుగు భాషలుంటాయి. మలయ్‌లో రాస్తే అది జాతీయ సాహిత్యం అవుతుంది, కానీ ఇంట్లోని పెద్దలు చదవలేకపోవచ్చు. తమిళంలో రాస్తే పత్రికలూ పాఠకులూ సిద్ధంగా ఉంటారు, కథ తమిళ కథల్లో ఒకటిగా కలిసిపోతుంది. ఆంగ్లంలో రాస్తే లిమ్, సమరసన్ నడిచిన దారిలో న్యూయార్క్ ప్రచురణకర్త దొరకవచ్చు. తెలుగులో రాస్తే చదివేవారు ఎక్కువగా మలేషియా బయటే ఉంటారు.