ఉక్రెయిను భాషోచ్చారణము

ఉక్రెయిను వర్ణమాలయందు 33 అక్షరములు గలవు. అచ్చుధ్వనులు మాత్రము 6. నొక్కి పలుకుచోటు మాఱిన నర్థమే మాఱును. ‘జమొక్’ అను పదమున మొదటి యచ్చును నొక్కినఁ గోట, రెండవదానిని నొక్కినఁ దాళము. నొక్కని ఒకారము రష్యను భాషయందువలె అకారముగా మాఱదు.

హకార గకారములకు వేర్వేఱు లిపులున్నవి. వారి హకారము మన హకారమువలెనే నాదము గలది. ‘హ్నిత్’ అనఁగా అణచివేత. ‘గ్నిత్’ అనఁగా దీపపు వత్తి. 1933లో సోవియటు ప్రభుత్వము గకారపు లిపిని తొలఁగింపఁగా, నాఁటినుండి సోవియటు ఉక్రెయినులో నీ రెండు మాటలు నొక్కరీతిగనే వ్రాయఁబడెను. విదేశములందలి ఉక్రెయినులు మాత్రము దానిని విడువరైరి. 1990లో నా యక్షరము మరల వచ్చెను.

విద్యార్థులారా, లిపి పోయినచోఁ బలుకునకు నాధారము పోవును. ‘కళ’ను ‘కల’ యని పలుకు మనకును నిది పాఠము గదా!